మెదడు పెరిగే టానిక్కు ఉందా?



హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో నైట్ షిఫ్టు చేసే పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు: "సిస్టరమ్మా, మావాడికి మతిమరుపు వస్తోంది, మెదడుకు మంచి టానిక్కు రాయించండి." అది డబ్బు దండగ అని మా అభిప్రాయము.

మెదడు కణములకు ఎదుగుదలనిచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లు ఉన్నమాట నిజమే. 1982లో పంది మెదడు నుండి వేరుచేసిన బి.డి.ఎన్.ఎఫ్. వాటిలో ఒకటి. ఇది కణములో ప్రోటీన్ల తయారీని పెంచుతుంది, కాని అన్నిటినీ కాదు. మా వంటశాలకు డాక్టరుగారి డైట్ చీటీ వచ్చినట్టే: ఈ బెడ్డుకు ఇది వండండి, అది ఆపండి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు 2012లో ఆ చీటీ పనిచేసే తీరును చూపించారు. లెట్-7 అనే చిన్న ఆర్.ఎన్.ఏ.లు ఎదుగుదల ప్రోటీన్లకు అడ్డుపడుతుంటాయి. బి.డి.ఎన్.ఎఫ్. రాగానే లిన్28 అనే ప్రోటీన్ పెరిగి, లెట్-7ను తయారు కానివ్వదు, అడ్డు తొలగుతుంది. అదే సమయంలో డైసర్ అనే మరొకటి పెరిగి, ఇతర చిన్న ఆర్.ఎన్.ఏ.లను ఎక్కువ చేసి, అప్పటికి అక్కరలేని ప్రోటీన్లను ఆపుతుంది.

ఇంత లెక్కగా జరిగే పనిని సీసాలో పోసి ఇవ్వగలమా? బి.డి.ఎన్.ఎఫ్. కూడా ప్రోటీనే, మింగితే పప్పులాగే అరిగిపోతుంది. కండరాలు చచ్చుబడే ఏ.ఎల్.ఎస్. జబ్బుకు ఇంజెక్షనుగా ఇచ్చి చూసినా మొత్తమ్మీద మేలు కనబడలేదని 1999లో తేలింది.

నిద్ర సంగతి వేరు. చిట్టెలుకలను కేవలం 5 గంటలు నిద్రపోనివ్వకపోతే, జ్ఞాపకానికి కావలసిన ప్రోటీన్ల తయారీ తగ్గిందని 2016లో ప్రచురించారు.

సంఘపెద్దలు నొచ్చుకోకుండా ఒక మాట వినాలి. వారమంతా రాత్రులు మేలుకొని క్యాబ్ దిగిన బిడ్డను, ఆల్‌నైట్ ప్రార్థనకు రాలేదని నిందించవద్దు. అలసిపోయిన ఏలీయాను దేవదూత గద్దించలేదు. లేపి రొట్టె తినిపించి, మళ్ళీ పడుకోనిచ్చాడు.

మేమూ ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసినవారమే. పగలు కన్ను మూతపడగానే తలుపు తట్టే బంధువుల సంగతి మాకు బాగా తెలుసు! పిల్లలు పడుకునే గది కిటికీకి ముదురు తెర కట్టండి. సెల్‌ఫోన్ పక్కగదిలో పెట్టించండి. సాయంత్రం దుర్గం చెరువు దగ్గరో, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లోనో అరగంట నడవమనండి. అప్పటికీ మతిమరుపు తగ్గకపోతే, టానిక్కు కొనకముందే ఓ.పి.కి తీసుకురండి, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయిద్దాము.