ఇంట్లో రికార్డు చేసుకోవడం నేరం కాదు, దండగా కాదు

టీవీలో వచ్చే కార్యక్రమాలను ఇంటి కంప్యూటర్‌లో రికార్డు చేసి, ప్రకటనలు కోసేసి దాచుకునేవారిపై మూడు అభియోగాలు తరచూ వినిపిస్తుంటాయి. ఒకటి, అది దొంగతనం. రెండు, అన్నీ యూట్యూబ్‌లో దొరుకుతుండగా ఈ చాకిరీ దండగ. మూడు, ఇంట్లో ఎడిట్ చేస్తే బొమ్మ పాడవుతుంది, అది స్టూడియోల పని. ఈ మూడూ తప్పే. వీటిని నమ్మి ఎన్నో ఇళ్లవాళ్లు ఒకప్పుడు టీవీ నుంచి రికార్డు చేసుకున్న వీడియో క్యాసెట్లను పాత సామాన్ల బండికి వేసేస్తున్నారు. అందుకే ఒక్కోదానికీ జవాబు చెప్పాలి.

ముందు దొంగతనం మాట. 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారంపై 25 ఏళ్ల హక్కు ఇచ్చింది. అభియోగం మోపేవారు అక్కడితో ఆగిపోతారు. మరో రెండు సెక్షన్లు ముందుకు వెళ్లి 39వది చదవాలి. రికార్డు చేసినవారి సొంత వాడకానికైనా, కేవలం బోధనకో పరిశోధనకో నిజాయితీగా చేసిందైనా ఆ రికార్డింగు ఈ హక్కుకు భంగం కాదని అందులో స్పష్టంగా ఉంది. కార్యక్రమంలోని పాటకు, నాటకానికి విడిగా కాపీరైట్ ఉంటుంది, నిజమే. సొంత వాడకానికి జరిగే న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ అక్కడా మినహాయించింది.

అమెరికాలో ఈ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బీటామాక్స్ రికార్డర్లు అమ్ముతున్న సోనీ మీద యూనివర్సల్, డిస్నీ సంస్థలు దావా వేశాయి. ప్రసారాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984 జనవరి 17న కోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. పిల్లల కార్యక్రమాలతో పేరుపొందిన ఫ్రెడ్ రోజర్స్ తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డు చేసుకుంటే తనకు అభ్యంతరం లేదని సాక్ష్యం చెప్పారు. తీర్పులో ఆయన మాటలను ఉటంకించారు కూడా.

అయితే హద్దు ఉంది. రికార్డు చేసింది యూట్యూబ్‌లో పెట్టడం, వాట్సాప్ గ్రూపుల్లో పంచడం, పెన్‌డ్రైవ్‌లలో వేసి అమ్మడం సొంత వాడకం కిందికి రావు. పే చానళ్ల డిజిటల్ తాళాలు పగలగొట్టమని కూడా నేను చెప్పడం లేదు. నా వాదన తాళం లేని ప్రసారాల గురించి, ఇంట్లో ఉన్న క్యాసెట్ల గురించి. ఈ హద్దులో ఉన్నవారిని దొంగలనడం అన్యాయం.

ఇక రెండో మాట, అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయన్నది. సంస్థ దాచినదే ఆన్‌లైన్‌లోకి వస్తుంది. దాచనిది ఎక్కడి నుంచి వస్తుంది? బీబీసీ అంతటి సంస్థే 1960ల నాటి ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు ఎన్నింటినో చెరిపేసింది. బొమ్మ పోయిన ఆ ఎపిసోడ్లకు ఇవాళ శబ్దమైనా మిగిలిందంటే, టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చున్న అభిమానుల చలవే. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే మహిళ 2012లో కన్నుమూసే దాకా దశాబ్దాల పాటు ఇంట్లో రాత్రింబగళ్లు టీవీ వార్తలు రికార్డు చేశారు. ఆ క్యాసెట్లు సుమారు 70,000. వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ భద్రపరిచే పని చేపట్టింది. చానళ్లకు అక్కర్లేదనిపించినది ఒక ఇల్లు కాపాడింది.

మన దగ్గర ప్రసార భారతి తన భాండాగారం నుంచి కొన్ని కార్యక్రమాలు యూట్యూబ్‌లో పెడుతోంది. మెచ్చుకోవాల్సిన పని అది. కానీ హైదరాబాద్ దూరదర్శన్ 1977 నుంచి, ఈటీవీ 1995 నుంచి ప్రసారం చేసినదంతా అలా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. మీ ఊరి హరిదాసు చెప్పిన కథ, మీ అమ్మాయి పాల్గొన్న క్విజ్, మీ తాతగారు పృచ్ఛకుడిగా కూర్చున్న అవధానం బహుశా మీ ఇంటి బీరువాలో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. ఓటీటీలదీ ఇదే కథ. హక్కుల గడువు తీరగానే కార్యక్రమం మాయమవుతుంది. రికార్డింగు సౌకర్యంతో డీటీహెచ్ సంస్థలిచ్చే సెట్ టాప్ బాక్సుల్లోనూ సాధారణంగా రికార్డు చేసింది ఆ బాక్సుకే కట్టుబడి ఉంటుంది. బాక్సు పోతే అదీ పోతుంది.

మూడోది, బొమ్మ పాడవుతుందన్న భయం. దీనికి కారణం ఇంటి కంప్యూటర్ కాదు, పద్ధతి తెలియకపోవడం. డిజిటల్ ప్రసారంలో సెకనుకు 25 బొమ్మలు వస్తాయి. వాటిలో పూర్తి బొమ్మ సుమారు అరసెకనుకు ఒకటే. మిగిలినవన్నీ అటూఇటూ ఉన్న బొమ్మలతో పోల్చి నమోదు చేసిన తేడాలు. ఆ తేడాల మధ్యలో కోస్తే ఆధారం తెగిపోయి తెరంతా గళ్లుగళ్లుగా చెదురుతుంది. పూర్తి బొమ్మ దగ్గర కోసి, మళ్లీ కుదించకుండా ఉన్నదున్నట్టు కాపీ చేస్తే నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. లాస్‌లెస్‌కట్, ఎవిడెమక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని నిమిషాల్లో చేస్తాయి. కోత దగ్గర అరసెకను ప్రకటన మిగిలితే మిగలనివ్వండి. చోటుకూ కొరత లేదు. సెకనుకు 3 మెగాబిట్లతో వచ్చే చానల్ అయితే గంటకు సుమారు 1.35 గిగాబైట్లు. ఒక టెరాబైట్ డిస్కులో 700 గంటలకు పైనే పడతాయి.

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు జరిగే తప్పు వేరు. పాత టీవీ సంకేతంలో ప్రతి బొమ్మా రెండు సగాలుగా వస్తుంది. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు, సెకనుకు 50 సగాలు. చాలా చవక సాఫ్ట్‌వేర్లు రెండు సగాలనూ ఒక్కటిగా అతికేస్తాయి. కూచిపూడి నర్తకి పాదం నేలను తాకే క్షణంలో ఆపి చూడండి, ఆ పాదం అంచు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తుంది. టేపు అరిగిపోయిందనుకుని క్యాసెట్ పారేస్తారు. టేపు బాగానే ఉంది, అతికింపే తప్పు. 720x576 కొలతలో, సగాలను సగాలుగానే, ఎఫ్‌ఎఫ్‌వీ1 వంటి నష్టం లేని రూపంలో ఎక్కించాలి. గంటకు పాతిక ముప్పై గిగాబైట్లు పట్టినా అదే అసలు ప్రతి. చూసుకోవడానికి దాన్నుంచి సెకనుకు 50 బొమ్మల చిన్న ప్రతి తీసుకోవచ్చు. కదలిక ఎక్కడా పోదు.

ఆలస్యం మాత్రం చేయకూడదు. ప్రపంచంలో వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో ఆ పని మానేసింది. ఉన్న యంత్రాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. కోస్తా ఉక్కకు టేపులకు బూజు పడుతోంది. బూజు పట్టిన టేపును అలాగే వీసీఆర్‌లో పెడితే యంత్రమూ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టే టేపులూ పాడవుతాయి. ముందు శుభ్రం చేయించాలి.

బీరువాలో క్యాసెట్లుంటే ఈ వారమే దించి లేబుళ్లు చదవండి. చానల్ పేరు, తేదీ, అందులో ఎవరున్నారో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఎక్కించినదాన్ని రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. దొంగతనమన్న మాటకు జంకి ఒక్క క్యాసెట్టూ పారేయకండి. సొంత వాడకానికి దాచుకునే మీ హక్కును చట్టమే ఒప్పుకుంది.