అసర్ వేరు, సర్ఖా వేరు

హైటెక్ సిటీలో కొలువు చేస్తూ రాత్రిళ్లు ల్యాప్‌టాప్‌లో బీట్లు కట్టే మన పిల్లలు కొందరు, ఎవరో వాయించిన మర్ఫా రికార్డింగ్ ముక్క కోసి, పైన బాస్ పోసి, తమ పేరు పెట్టుకుంటున్నారు. అడిగితే "ఇన్‌స్పిరేషన్" అంటారు. కాదు బేటా, నేను దాన్ని చోరీ అంటాను.

మన షాయరీ ఈ ఫైసలా ఎప్పుడో చేసింది. ఒకరి జమీన్‌లో, అంటే అదే బహర్, ఖాఫియా, రదీఫ్‌లో, ఇంకొకరు గజల్ చెప్పొచ్చు. మిస్రా తెచ్చుకుని ఫలానావారిదని ఒప్పుకుంటే తజ్మీన్. దాస్తే సర్ఖా.

మర్ఫా దరువు జమీన్, అందరిదీ. ఏసీ గార్డ్స్ సిద్దీ భాయ్ చేతి దెబ్బ మాత్రం ఆయన మిస్రా. 1969 నాటి 'ఆమెన్, బ్రదర్' డ్రమ్ముల ముక్కను హిప్-హాప్ లోకమంతా వాడుకుంది. వాయించిన గ్రెగరీ కోల్మన్‌కు రాయల్టీ దక్కలేదు.

అమ్మీ, అబ్బా! మ్యూజిక్ జాయిజా కాదా అన్న బహస్ తర్వాత. ముందు "వాయించినాయన పేరు వేశావా, పైసలిచ్చావా?" అని అడగండి. ఇది హుఖూఖుల్ ఇబాద్. హఖ్‌దారు మాఫ్ చేయనిదే తీరదు.