సహాయ పుస్తకము ఎచ్చట ఉండవలెను?

మన రాయ్‌పూర్ కార్యాలయపు కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ వాడవలెనన్న నిర్ణయము సులభముగనే జరిగినది. ఖరీదు లేదు, మూలసంకేతము అందరికిని అందుబాటులో గలదు, భారత ప్రభుత్వము కూడ 2015లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమొసగు విధానమును ప్రకటించినది. వాదోపవాదములన్నియు ఆ తరువాతనే మొదలైనవి. దానిని వాడు పద్ధతిని తెలుపు పుస్తకమును ఉద్యోగికి ఏ రూపమున అందజేయవలెను? కంప్యూటరులోనా, ఇంటర్నెట్టులోనా, కాగితముపైనా?

ఇది చిన్న విషయమని పాఠకులలో కొందరు తలపవచ్చును. మేము అట్లు తలపము. విండోస్ కంప్యూటర్లకు లిబ్రే ఆఫీస్ ఒక ఫైలుగను, దాని సహాయపుటలు మరియొక ఫైలుగను లభించును. రెండవదానిని వేయనిచో, ఎఫ్1 మీట నొక్కగనే సహాయము ఇంటర్నెట్టు నుండి తెరచుకొనును. ఇంటివద్ద పిల్లలకు ఇందు చిక్కేమియు లేదు. కాని కంట్రోల్ రూమునందలి కంప్యూటర్లకు భద్రత దృష్ట్యా బయటి ఇంటర్నెట్టుతో సంబంధము ఉండదు. రాత్రి షిఫ్టులో ఆపరేటరు లాగ్ పట్టికలో, మొత్తము చూపు గడికి సరిగ్గా పైన, ఒక కొత్త వరుస చేర్చెననుకొనుడు. ఆ వరుసలోని అంకె మొత్తములో కలియునా, కలియదా? అది ఒక అమరికపై ఆధారపడియుండును. తెలిసికొనుటకు ఎఫ్1 నొక్కినచో పుట తెరచుకొనదు. అడుగుటకు పక్కన మనిషి ఉండడు. తెల్లవారుసరికి ఆ మొత్తమే నివేదికలోనికి ఎక్కును. ఇట్టి నిర్ణయములను చేయువారు సాధారణముగా ఇంటర్నెట్టు గల గదిలో కూర్చుండి చేయుదురన్నది మా ఫిర్యాదు.

అట్లయిన పుస్తకము అచ్చు వేయించి పంచవచ్చునుగదా అని సీనియర్ మిత్రులు అడుగుచున్నారు. యూనిక్స్ తొలి మాన్యువల్ 1971 నవంబరులో కాగితములపైననే వెలువడినది. తరువాత ఆ పుటలే యంత్రములోనికి చేరి, 'మాన్' అను ఆదేశముతో తెరచుకొనుట మొదలైనది. లిబ్రే ఆఫీస్‌కు ఏటా రెండు ప్రధాన సంచికలు వచ్చును. 2024 నుండి వాటికి సంవత్సరము, నెలలతోనే 24.2, 24.8 అని పేరు పెట్టుచున్నారు. వందల పుటల గ్రంథమును అచ్చు వేయించినచో, బైండింగు ఆరులోపల మెనూ మారిపోవచ్చును. యంత్రములోని సహాయపుటలకును ఈ జాగ్రత్త తప్పదు. సాఫ్ట్‌వేరును మార్చిన నాడే వాటిని కూడ మార్చవలెను.

ఇక భాష సంగతి. 1950లలో సోవియట్ సహకారముతో భిలాయి ఉక్కు కర్మాగారము నిర్మింపబడినపుడు, నిపుణులతోబాటు దుబాసీలు కూడ అవసరమైరి. నేడు మన షిఫ్టులలో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా వినబడుచున్నవి. కె.డి.ఇ. అను డెస్క్‌టాప్ ఛత్తీస్‌గఢీలోనికి సైతము అనువదింపబడినదన్న, అది స్వచ్ఛంద సేవకుల చలువయే. అయినను మెనూలోని మాట రెండు పదములు, సహాయపుట ఒక వ్యాసము. మెనూ మన భాషలో కనబడినంతమాత్రమున వివరణయు మన భాషలో దొరకునని నమ్మరాదు.

ఇచ్చట ఓపెన్ సోర్స్ వలన గల మేలు బయటపడును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు దాని పుస్తకము కూడ స్వేచ్ఛగా ఉండవలెనని రిచర్డ్ స్టాల్‌మన్ వాదించెను. గ్నూ సంస్థవారి పత్రముల లైసెన్సు 2000లో వెలువడినది. లిబ్రే ఆఫీస్ మార్గదర్శకములు వేరొక లైసెన్సు క్రింద ఉన్నను, మూలమును పేర్కొని, మార్పులను తెలిపి, మనకు కావలసిన భాగమును తీసికొనుటకు, అనువదించుటకు, అచ్చు వేయుటకు ఎవరి అనుమతియు అడుగనక్కరలేదు. మార్చుటకు వీలైన ఫైళ్లు కూడ వారే ఇచ్చుచున్నారు.

కనుక మేము సూచించునది ఇది. ప్రతి కంప్యూటరులోను సాఫ్ట్‌వేరుతోబాటు అదే సంచిక సహాయపుటలు ఉండవలెను. మన పట్టికలకు మాత్రమే సంబంధించిన నాలుగు పుటల చిన్న పుస్తకము హిందీ, తెలుగులలో వచ్చి, లాగ్ బుక్కు పక్కన వ్రేలాడవలెను. అట్టపై సంచిక సంఖ్య పెద్ద అక్షరములలో ఉండవలెను. పెద్ద గ్రంథమును ఇంటర్నెట్టు గలవారు అచ్చటనే చదువుకొందురు.

ఆ నాలుగు పుటలలో ఏ ప్రశ్నలు ఉండవలెనో షిఫ్టు ఉద్యోగులు వ్రాసి మా విభాగమునకు పంపగలరు. మొదటి పుట కంట్రోల్ రూము వారికి.