కొండకు కావలి

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమందలి ఐస్లాండు దీవిలో గ్రిండవిక్ అను రేవుపట్టణము కలదు. 2023వ సంవత్సరము నవంబరు 10వ తేది రాత్రి అచ్చటి జనులు, సుమారు 3,800 మంది, ఇండ్లు విడిచి వెడలిపోయిరి. ఆ రాత్రి నిప్పు కంటికి కానరాలేదు. భూకంపములు మాత్రము ఎడతెగక కలుగుచుండెను. కరగిన శిల పట్టణము క్రిందికి చొచ్చుకొనివచ్చుచున్నదని భూకంపమాపకములను బట్టియు, నేల కదలికను కొలుచు యంత్రములను బట్టియు గ్రహించి, ఆ దేశపు వాతావరణశాఖవారు హెచ్చరించిరి. డిసెంబరు 18వ తేదిని గాని నేల పగిలి నిప్పు పైకి రాలేదు. నడుమ గడచిన అయిదు వారములును ఆ శాఖవారిని శంకించినవారు ఉండియుందురు, మనమైనను శంకించియుందుము. 2024 జనవరి 14వ తేదిని పట్టణపు టంచున మరియొక బీట తెరచుకొని మూడిండ్లు కాలిపోయినవి. వానిలో ఎవరును లేరు.

ఇంతటి శాస్త్రమును సర్వజ్ఞము కాదు. అంతకు నాలుగు దినముల ముందే, పట్టణములో నేలబీటలు పూడ్చుచున్న కూలివాడొకడు అందు పడి మరల కానరాడాయెను.

అమెరికా, యూరపు ఖండములను మోయు రెండు భూఫలకములు ఈ దీవియందు ఏటికి సుమారు రెండు సెంటిమీటర్ల వంతున ఎడమగుచున్నవి. అయినను గ్రిండవిక్ ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పము దాదాపు 800 ఏండ్లు నిప్పు క్రక్కక, 2021 మార్చి 19వ తేదిని మేలుకొనెను. ఎనిమిది శతాబ్దములు మిన్నకున్న కొండకు కావలి యేల యని ఆయవ్యయపట్టిక వ్రాయువారు అడుగుదురు. నేల నిద్రించునపుడు దాని యూపిరి యెట్టిదో వ్రాసిపెట్టుకొననిదే, మేలుకొనునపుడు మార్పును పోల్చుకొనుట యెట్లు? వ్యాజ్యము పడిన పిమ్మట దస్తావేజులు వెదకుకొను కక్షిదారుల యవస్థ మేమెరుగనిది కాదు.

కావలి లేనినాడు ఏమయ్యెనో ఆ దేశమే చవిచూచినది. 1783 జూనులో లాకి యను చోట నేల చీలి, ఎనిమిది నెలలు నిప్పును విషవాయువులును వెడలినవి. గడ్డి విషమై గొఱ్ఱెలలో అధికభాగము చచ్చెను. పిదప కలిగిన క్షామమున జనులలో అయిదవవంతు మరణించిరి. యోన్ స్టేయింగ్రిమ్సన్ అను మతగురువు తాను చూచినదెల్ల స్వభాషలో వ్రాసియుంచెను. యంత్రములు లేని యా కాలమున ఆయన కన్నులును కలమునే సాధనములు. నేటి పరిశోధకులును ఆ గ్రంథమును తెరచి చూచుచున్నారు.

నేటి శాఖవారిలో మేము మెచ్చునది యంత్రసంపదకంటెను, తెలిసినదానిని దాచక, తెలియనిదానిని తెలియదని ప్రజలకు చెప్పుట. తరువాతి ప్రజ్వలనములలో గంటయైన వ్యవధి దొరకకపోవచ్చునని వారు ముందే ప్రకటించిరి. 2024లో ప్రభుత్వము శాసనము చేసి, అమ్మదలచిన పట్టణవాసుల యిండ్లను కొనెను. ఆ సొమ్ముతో పోల్చిచూడగా, యంత్రముల కగు వెల యేపాటిది?