వెలిగించే ముందు

ఒకప్పుడు దసరా వెళ్ళగానే మనవాళ్ళు సురేకారం, గంధకం, బొగ్గు నూరుకుని మతాబులు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవారు. ఇప్పుడు లైసెన్సు లేకుండా మందు కూరడం నేరం. అదే మంచిదయింది. గంధకంతో పొటాషియం క్లోరేటు కలిస్తే కాస్త రాపిడికే భగ్గుమంటుంది. ఆ మిశ్రమాన్ని 1992లో కేంద్రప్రభుత్వం నిషేధించింది కూడా. నూరే పని పోయింది గాని, పిల్లలకు కాల్చడం నేర్పే పని ఇంకా మనదే.

"ఇన్నేళ్ళుగా కాలుస్తున్నాం, ఏమైంది?" అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. నాకు భయం ఆయనంటేనే. తుస్సుమన్న చిచ్చుబుడ్డి మీదికి వంగి మళ్ళీ కాకరపువ్వొత్తి పెడతాడు. పక్కనున్న ఎనిమిదేళ్ళవాడు మగతనమంటే అదేననుకుంటాడు.

మొదటి ఏడు పిల్లవాణ్ణి నీళ్ళ బకెట్టు దగ్గర నిలబెట్టండి. అలుగుతాడు, అలగనివ్వండి. మరుసటి ఏడు కాకరపువ్వొత్తి, అదీ నూలుబట్టలతో, కాళ్ళకు చెప్పులతో. చిచ్చుబుడ్డి ఇచ్చేనాడు ముందు వెనక్కి రావడం నేర్పండి: చెయ్యి బారచాచి, మొహం పక్కకు తిప్పి, అంటుకోగానే వెనక్కి. అంటుకోలేదా, దాని దగ్గరకు పోనేకూడదు. చాలాసేపు ఆగి దూరం నుంచే నీళ్ళు గుమ్మరించాలి. చెయ్యి కాలితే సిరా, పేస్టు, పసుపు పుయ్యకండి. 20 నిమిషాలు కుళాయి కింద ఉంచి, ఆపైన డాక్టరు దగ్గరకు.

ఈ దీపావళికి మీ బాబాయిని వంగనివ్వకండి. అలిగితే ఆయనకూ బకెట్టు దగ్గర చోటుంది.