వేలి మీద సిరా గీత

2024 జూన్ 2వ తేదీతో హైదరాబాదు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధానిగా ఉండవలసిన పదేళ్ళ గడువు తీరిపోయింది. పత్రికలో ఆ వార్త చదివినప్పుడు మాకు రాజధాని కన్నా ముందు మా తల్లిగారి ఎడమ చేతి చూపుడు వేలు గుర్తుకు వచ్చింది. 2014 ఏప్రిల్ 30న ఆ వేలి మీద పడిన సిరా గీతే ఆమెకు చివరిది.

ఆ ఎన్నిక విచిత్రమైనది. ఫిబ్రవరిలో పార్లమెంటు విభజన బిల్లును ఆమోదించింది. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన నడుస్తున్నది. కాగితం మీద రాష్ట్రం ఇంకా ఒక్కటే, ఎన్నుకోవలసిన శాసనసభలు మాత్రం రెండు. తెలంగాణలోని 119 స్థానాలకు ఏప్రిల్ 30న, సీమాంధ్రలోని 175 స్థానాలకు మే 7న పోలింగు జరిగింది. ఇంకా పుట్టని రాష్ట్రానికి శాసనసభ్యులను ఎన్నుకున్న వారము మేము. మా నివాసం ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం, మా అత్తవారిది గుంటూరు. రాజ్యసభలో బిల్లు నెగ్గిన రాత్రి మా వీధిలో టపాకాయలు కాల్చారు. మా ఇల్లాలు లోపలి గదిలో పుట్టింటి వారితో ఫోనులో మాట్లాడుతూ కూర్చుంది. పొరుగువారు పంపిన మిఠాయి పెట్టెను తెరవాలో వద్దో తోచక ఫ్రిజ్‌లో పెట్టాము. నాలుగు రోజుల తరువాత అందరమూ తిన్నాము. దాని గురించి ఎవరమూ ఏమీ అనుకోలేదు.

అమ్మీకి అప్పటికి 86 ఏళ్ళు. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఓటు వేసిన మనిషి. అప్పట్లో కాగితం మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. ఆ జాబితాలు తయారుచేసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాదిన, ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానా వారి భార్యను, ఫలానా వారి తల్లిని అని వ్రాయించారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అటువంటి నమోదులను అంగీకరించలేదు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాల నుండి తొలగిపోయాయి. మా ఇంటికి గుమాస్తా వచ్చినప్పుడు మా దాదీ కూడా 'పెద్దవాడి భార్య అని వ్రాసుకోండి' అన్నదట. అమ్మీ తలుపు చాటు నుండి తన పేరును, తండ్రి పేరుతో సహా, రెండుసార్లు చెప్పింది. కోడలి గొంతు వీధిలోకి వినబడిందని ఆనాడు ఇంట్లో చిన్న రభస జరిగింది. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె ఆ రభసను మరికొంచెం పెంచి చెప్పేది.

2014కు వద్దాము. పోలింగుకు ముందు జుమా నాడు మసీదు బయట ఒక అభ్యర్థి మమ్మల్ని పట్టుకున్నాడు. మనవాడే. మసీదు ప్రహరీ కట్టించాడు. వక్ఫ్ స్థలంలో అతని బంధువులు దుకాణాలు వేసుకున్న సంగతి కూడా మాకు తెలుసు. మొగమాటం కొద్దీ 'ఇన్షా అల్లాహ్, మీకే' అన్నాము. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అమ్మీ తస్బీహ్ తిప్పడం ఆపి, "బేటా, ఆ దుకాణాల గురించి అల్లాహ్ అడిగితే ప్రహరీ చూపిస్తావా?" అన్నది.

ఓటు ఒక సాక్ష్యమనీ, ఒక సిఫారసు అనీ, ఒక వకాలతు అనీ ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు వివరించారు. ఫలానా వ్యక్తి ఈ పదవికి అర్హుడని మనము సాక్ష్యం చెబుతున్నామన్నమాట. మన మీదకే వచ్చినా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా న్యాయం పక్షాన సాక్షులుగా నిలబడమని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో ఆజ్ఞాపించింది. ఘోర పాపాలను గురించి చెబుతూ దైవప్రవక్త (సఅసం), అంతవరకు ఆనుకుని ఉన్నవారు, అబద్ధపు సాక్ష్యం దగ్గరకు వచ్చేసరికి లేచి కూర్చున్నారు. ఆ మాటను ఎన్నిసార్లు పలికారంటే, ఇక ఆపితే బాగుండునని సహచరులకు అనిపించింది. ఈ హదీసును మేము ఎన్నోసార్లు ఉపన్యాసాలలో చెప్పి ఉన్నాము. మసీదు బయట గుర్తుకు రాలేదు.

పోలింగు కేంద్రంలో చిక్కు మరొకటి వచ్చింది. జాబితాలో అమ్మీ పేరు ఒక అక్షరం మారి ఉంది, వయసు 86కు బదులు 68గా ఉంది. ఉర్దూ పేర్లు తెలుగు జాబితాలకు ఎక్కేటప్పటికి ఏమవుతాయో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒకే ఇంట్లో ఖదీజా ఒకరు, కతీజ ఒకరు. మహిళా ఉద్యోగిని అమ్మీని చాటుకు తీసుకువెళ్ళి ముఖం చూసి వచ్చినా, అధికారి వెనుకాడుతున్నాడు. అంతలో బల్ల దగ్గర కూర్చున్న ఒక ఏజెంటు లేచి, "సార్, ఆమె ఆమెనే. మా ఇంటి పక్కన నలభై ఏళ్ళ నుంచి ఉంటున్నది. పంపించుండ్రి" అన్నాడు. అతని పార్టీకి ఓటు వేయనని అమ్మీ వారం రోజులుగా వీధి అరుగు మీద అందరికీ చెబుతున్నది. అది అతనికీ తెలుసు. రెండు యంత్రాలూ కూత పెట్టే దాకా నిలబడి ఆమె బయటకు వచ్చింది. ఆ రోజు అక్కడ నిజమైన సాక్ష్యం చెప్పినది ఆ యువకుడు.

మేము మాట ఇచ్చిన మీట నొక్కలేదు. మరుసటి జుమా నాడు ఆయన మా చేయి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పినప్పుడు సలాముకు జవాబు చెప్పి ఊరుకున్నాము. ఓటు రహస్యం మమ్మల్ని కాపాడింది. కాని ఆ మౌనం సబబో కాదో ఇన్నేళ్ళలో మేము తేల్చుకోలేకపోయాము. అసలు ఆ మాట ఇవ్వకుండా ఉండవలసింది.

ఆనాడే మొదటిసారి ఓటు వేసిన మా చిన్నమ్మాయికి మరొక సందేహం వచ్చింది. ఈ సిరాతో వుజూ అవుతుందా అని. గోళ్ళ రంగు వలె ఇది పొరగా నిలిచేది కాదు. మైసూరులోని ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే ఈ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. అది చర్మంతో, వెలుతురుతో కలిసి మరకగా మారుతుంది. నీరు తగలడానికి అడ్డు పడే పొర లేనప్పుడు గోరింటాకుకు వర్తించే మాటే దీనికీ వర్తిస్తుంది. అమ్మీ ఈ చర్చ వినకుండానే జుహ్ర్ నమాజు ముగించింది.

మే 7 సాయంత్రం గుంటూరు నుండి మా బావమరిది ఫోను చేశాడు. "దుల్హాభాయ్, మేమూ వేసి వచ్చాము" అని మాత్రం అన్నాడు. అంతకుముందు రెండు నెలలుగా అతడు మాతో నేరుగా మాట్లాడలేదు.

అమ్మీ 2016లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నది. 2024 మే 13న రెండు రాష్ట్రాలూ ఒకే రోజున ఓటు వేశాయి. 85 ఏళ్ళు దాటిన వారికి ఇంటి వద్దనే ఓటు వేసే వీలు కల్పించారు. ఆమె ఉండి ఉంటే ఒప్పుకునేది కాదనుకుంటాము. పేరు పెట్టి పిలిపించుకుని, వీధి అంతా చూస్తుండగా నడిచి వెళ్ళి రావడం ఆమెకు ఇష్టం. ఆ సాయంత్రం బావమరిది మళ్ళీ ఫోను చేశాడు. ఎన్నికల ఊసే ఎత్తలేదు. ఈ నెలాఖరుకు మామిడిపళ్ళ బుట్ట పంపుతున్నానని, బస్‌స్టాండుకు ఎవరినైనా పంపమని చెప్పి పెట్టేశాడు.