చిలుము పట్టని ఉక్కు

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచడానికి ఏ ఇల్లాలైనా జంకుతుంది. స్టీలు గిన్నెకు ఆ బెంగ లేదు.

ఈ నిశ్చింతకు మనం ఋణపడ్డవారిలో ముఖ్యుడు ఇంగ్లండులోని షెఫీల్డు వాస్తవ్యుడు హారీ బ్రేర్లీ. 1871లో ఉక్కు కరిగించే కార్మికుని ఇంట పుట్టాడు. 12వ ఏట బడి మాని ప్రయోగశాలలో సీసాలు కడిగాడు. రాత్రిబడుల్లో చదివి, పరిశోధనశాలకే అధిపతి అయ్యాడు.

తుపాకి గొట్టాలకు త్వరగా అరగని ఉక్కును వెదుకుతూ, 1913లో నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియం కలిపి కరిగించాడు. పరీక్షకు పూసిన ఆమ్లం దానిని సరిగా అంటలేదు. నిమ్మరసానికీ లొంగలేదు. క్రోమియం ప్రాణవాయువుతో కలిసి పైన పల్చని పొర కడుతుంది. అదే దాని కవచం.

భోజనపు కత్తులకు ఇది తగునని ఎంత చెప్పినా యజమానులు చెవిని పెట్టలేదు. హక్కుల తగవు వచ్చి 1915లో ఉద్యోగం వదులుకున్నాడు.

వారి చూపు తుపాకి మీద, ఆయన చూపు భోజనం మీద. చివరకు గెలిచింది భోజనమే!